రెప్ప వేయని మనిషి

చిరంజీవి బాబిన్ తల్లికి,

నాన్న దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే మీ అమ్మా, నేనూ, షాపులో పదకొండు కుట్టు మిషన్లూ. మిషన్లలో నాలుగింటికి ఒంట్లో బాగోలేదు. మిగతావి బాగానే ఉన్నాయి గాని, వాటిని ఇచ్చినవాళ్లే మర్చిపోయారు. నువ్వు అక్కడ వేళకి తిని, వేళకి పడుకుని, ల్యాబులో ఎవరితోనూ గొడవ పెట్టుకోకుండా ఉన్నావని తలుస్తాను. మూడోది నీవల్ల కాదని తెలుసు. అయినా తండ్రిగా రాయాలి కదా, రాశాను.

నీ ఉత్తరం షాపు అడ్రసుకి వచ్చి ఇరవై రోజులైంది. నాలుగు ప్రశ్నలు అడిగావు. మీ అమ్మ మోకాలు ఎలా ఉందన్నావు. బాగానే ఉంది. మెట్లెక్కేటప్పుడు నొప్పి, ఎదురింటావిడతో కబుర్లకి దిగేటప్పుడు లేదు. షాపు పైకప్పు కారడం ఆగిందా అన్నావు. ఆగలేదు, చోటు మార్చింది. ఇదివరకు సూదుల డబ్బా మీద కారేది, ఇప్పుడు సరిగ్గా నా స్టూలు మీద కారుతోంది. స్టూలు జరిపాను. వచ్చే వానాకాలానికి వీధిలో కూర్చుంటానేమో.

ఇక మూడోది. "నాన్నా, సంవత్సరం పైనుంచీ నేనెప్పుడు ఫోన్ చేసినా నువ్వు అనేది ఒకటే. ఊ, సరే, అమ్మకిస్తున్నా. నేనేం తప్పు చేశాను?" అని రాశావు. నాలుగోది దాని కిందే ఉంది. "పోయిన నెల నీతో పది నిమిషాలు మాట్లాడాను. ముందు నీకే చెప్పాలని అమ్మకి కూడా చెప్పలేదు. అంత పెద్ద సంగతి చెబితే దానికీ ఊ, సరే, అమ్మకిస్తున్నా అన్నావు. పదిహేనో తేదీలోగా నీ మనసులో మాట చెప్పు. చెప్పకపోతే ఇక నా దారి నేను చూసుకుంటాను, మళ్లీ నిన్ను అడగను" అన్నావు.

ఆ ఉత్తరాన్ని సూదుల సొరుగులో అడుగున పెట్టాను. రోజుకి రెండుసార్లు తీసి చదివాను. ఇవాళ ఆరో తేదీ. జవాబు రాస్తున్నాను. కానీ నువ్వు నవల కొనగానే చివరి పేజీ చదివే రకానివి. ఈ ఉత్తరం మాత్రం వరసగా చదువు. నీ రెండు ప్రశ్నలకీ జవాబు ఒక దయ్యాల కొంప గుండా నడిచి వస్తే గాని దొరకదు. నాకూ అక్కడే దొరికింది.

మీ మామయ్యకి సెలవులు దొరికాయి. నాలుగు రోజులు సముద్రం ఒడ్డున గడుపుదాం పదండి బావా అని మా ఇద్దర్నీ బయల్దేరదీశాడు. మీ మామయ్య సంగతి నీకు తెలుసు కదా. ఇన్సూరెన్స్ ఏజెంటు. ఎదుటివాడి ప్రాణం గురించి గంటలు గంటలు భయపెట్టగలడు. రెండోరోజు సాయంత్రం తీరం వెంట నడుస్తుంటే, బొమ్మల కొట్ల పక్కన రెండంతస్తుల మేడ కనిపించింది. గోడల నిండా నల్లరంగు, కిటికీల్లో ఎర్ర బల్బులు, గుమ్మం మీద పుర్రె. డబ్బిచ్చి భయపడే చోటట. లోపల తొమ్మిది గదులు. ఒక గుమ్మంలోంచి వెళ్లి ఇంకో గుమ్మంలోంచి బయటపడాలి. గుండె జబ్బున్నవాళ్లు రావద్దని బోర్డు.

"మన ఇంట్లో నెలాఖరు చూసినదాన్ని, నాకేం భయం?" అంది మీ అమ్మ.

"బావా, నువ్వు నా వెనకాలే రా. నేనున్నాగా" అన్నాడు మీ మామయ్య.

గేటు దగ్గర మనిషి ఏవో నియమాలు చెప్పాడు. నేను ఊ అన్నాను. లోపలికి వెళ్లాం.

మొదటి గది దాటేసరికే మీ మామయ్య నా వెనక్కి వచ్చేశాడు. రెండో గదిలో నేల కదిలింది. మూడోదాంట్లో గోడలోంచి చేతులొచ్చి మీ అమ్మ కొంగు పట్టుకున్నాయి. "ఒరేయ్ వదలరా!" అని తిట్టినట్టుంది, అవి వదిలేశాయి. నాలుగో గదిలో అద్దం ముందు నిలబడ్డ మీ మామయ్యకి తన మొహం పక్కన ఇంకో మొహం కనిపించింది. అంతే, మనిషి బిక్కచచ్చిపోయాడు. నాకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. అన్నీ చూస్తూ తీరిగ్గా నడుస్తున్నాను. ఈ బొమ్మ మెడలో తీగ కనిపిస్తోంది, ఆ చేతికి తొడుగు సరిగ్గా కుట్టలేదు అనుకుంటూ.

ఆరో గదిలోకి వెళ్లేసరికి నా కాళ్లు ఆగిపోయాయి. భయంతో కాదు. అక్కడ ఒక పాత కుట్టు మిషన్ ఉంది, కాలితో తొక్కేది. ఎవరూ తొక్కకుండానే పెడల్ ఆడుతోంది, చక్రం తిరుగుతోంది, తెల్లగుడ్డ ఒకటి సూది కింద జారుతోంది. చచ్చిపోయిన దర్జీ మనిషి ఇంకా కుడుతోందని కథ. కథ బాగానే ఉంది గాని, చక్రం వంకరగా తిరుగుతోంది తల్లీ! స్క్రూ వదులైంది. బెల్టు జారుతోంది. ఎవడో కింద మోటారు బిగించాడు గాని, మిషన్ని పట్టించుకున్న పాపాన పోలేదు. నూనె చుక్క తగిలి ఏళ్లయినట్టుంది. నాకు ఒళ్లు మండింది. దయ్యమైతే మాత్రం ఇలాంటి మిషన్ మీద కుడుతుందా?

అడ్డంగా కట్టిన తాడు కింద నుంచి దూరాను. బల్ల మీద అరచెయ్యి వేశాను. ఒక చేత్తో చక్రం పట్టుకుని, జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి బిగించడం మొదలుపెట్టాను. సగం బిగించాక భుజం మీద చెయ్యి పడింది. తిరిగి చూస్తే తెల్లటి మొహం, నల్లగా పూసిన కళ్లు, మోకాళ్ల దాకా జుట్టు. అక్కడ పనిచేసే మనిషే కదా అనుకున్నాను.

"ఈ మిషన్ ఎవరు చూస్తారమ్మా ఇక్కడ? నూనె వేసి ఎన్నాళ్లయింది? కాస్త ఇది పట్టుకో" అని స్క్రూడ్రైవర్ ఆమె చేతికిచ్చి, బెల్టు గాడిలో పెట్టాను. దయ్యం పట్టుకుంది. వేరే దారి లేక పట్టుకుంది పాపం.

బయటికొచ్చేసరికి మీ మామయ్య బెంచీ మీద కూర్చుని నీళ్లు తాగుతున్నాడు. ఆరో గది నుంచే కాళ్లకి బుద్ధి చెప్పి, పక్క తలుపులోంచి బయటపడ్డాడట. లోపల దయ్యం అరిచే సమయానికి వాళ్లే ఒక ఫోటో తీస్తారు. ఆ ఫోటో ఈ ఉత్తరంతో పంపుతున్నాను, చూడు. మీ అమ్మ నోరు తెరుచుకుని ఉంది. మీ మామయ్యది వీపు మాత్రమే పడింది. దయ్యం నా చెవి పక్కనే నోరంతా తెరిచి అరుస్తోంది. నేను వంగుని స్క్రూ బిగిస్తున్నాను.

ఆ ఫోటో చూసి అక్కడి మేనేజరు నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి, చొక్కాకి ఒక బిళ్ల గుచ్చాడు. "భయమెరుగని వీరుడు" అని రాసుంది దాని మీద. ఇక మీ మామయ్య లాడ్జిలో ప్రతి గది తలుపూ కొట్టి చెప్పాడు. మీ అమ్మ అయితే పరమానందం. "మా ఆయన పులి" అంటూ కాఫీ తెచ్చిన మనిషికి కూడా ఫోటో చూపించింది. ముప్పై ఏళ్ల కాపురంలో నన్ను పులి అనడం అదే మొదటిసారి. పిల్లిలా నవ్వాను. రాత్రి అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్న నూనె డబ్బా ఒకటి కొనుక్కుని నేనొక్కణ్ణే మళ్లీ అక్కడికి వెళ్లాను. ఇంకా తెరవలేదు. వెనకవైపు మెట్ల మీద ఒకావిడ కూర్చుని వేడినీళ్లు తాగుతోంది. ముప్పై అయిదు, నలభై ఉంటాయి. సగం మొహానికి తెల్లరంగు, సగం మామూలు మొహం. పక్కన మోకాళ్ల దాకా జుట్టు, తలకి పెట్టుకోకుండా మడతపెట్టి ఉంది. నన్ను చూసి గుర్తుపట్టి నవ్వింది. నా స్క్రూడ్రైవర్ నాకిచ్చింది. నిన్న కంగారులో ఆవిడ దగ్గరే వదిలేశాను.

"మిషన్‌కి నూనె వేసి పోతానమ్మా" అన్నాను.

ఆవిడ గొంతు మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. ఒళ్లోంచి చిన్న నోటుపుస్తకం తీసి రాసింది. "రోజుకి మూడు వందల సార్లు అరవాలి. అరవని వేళ గొంతు దాచుకుంటాను. అందుకని రాస్తాను, ఏమనుకోకండి బాబాయ్."

నేనేమనుకుంటాను! నాకు ప్రాణం లేచొచ్చింది. ఎన్నాళ్లకో ఒక మనిషి నాతో కాగితం మీద మాట్లాడుతోంది. పక్కన కూర్చున్నాను. ఆవిడ మళ్లీ రాసింది.

"నిన్న మీ కుడి చెవిలో మూడుసార్లు అరిచాను. మీరు రెప్ప వేయలేదు."

"నాకు చిన్నప్పట్నుంచీ భయం లేదమ్మా" అన్నాను, బిళ్ల ఇచ్చారన్న పొగరుతో.

"భయం లేనివాళ్లు చాలామంది వస్తారు. వాళ్లూ రెప్ప వేస్తారు. ఆరేళ్లుగా ఇదే పని. పక్కన చప్పుడైతే రెప్ప దానంతటదే పడుతుంది, అది మనిషి చేతిలో లేదు. మీకు వినపడదు కదా?"

బాబిన్ తల్లీ, ఆ ముక్క అంతకుముందు నన్నెవరూ అడగలేదు. అడుగుతారేమోనని రెండేళ్లుగా నేనే తప్పించుకు తిరుగుతున్నాను. ఆవిడ ముందు బుకాయించలేకపోయాను.

ఆవిడతో ఒప్పుకున్నదే నీకూ రాస్తున్నాను. అవునమ్మా, నాకు వినపడదు. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవిలో దగ్గరగా వచ్చి ఎదురుగా మాట్లాడితే సగం వినిపిస్తుంది, మిగతా సగం పెదాలు చూసి పూరించుకుంటాను. ఫోన్‌లో పెదాలుండవు కదా. చెవికి ఆనించుకుంటే ఎక్కడో దూరంగా ఏదో గొణిగినట్టు ఉంటుంది, అంతే. అది నువ్వో, కరెంటు ఆఫీసో కూడా తెలియదు. మీ అమ్మ నీ పేరు నోటితో చూపించి ఫోన్ నా చేతికిస్తుంది. నేను ఊ అని, కాసేపాగి సరే అని, భయం వేసి అమ్మకిచ్చేస్తాను. నువ్వేమీ తప్పు చేయలేదు. నీమీద కోపం ఒక్కరోజు లేదు. నీ గొంతు నేను చివరిసారి ఎప్పుడు విన్నానో గుర్తు తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. దొరకలేదు. ఇదే ఆఖరని ముందే తెలిస్తే ఇంకాస్త జాగ్రత్తగా వినేవాణ్ణి.

మీ అమ్మకి ఎలా తెలియలేదంటావా? ముప్పై ఏళ్లుగా ఆవిడ ఏం చెప్పినా నేను ఊకొడుతూనే ఉన్నాను. వినపడే రోజుల్లోనూ అదే ఊ, వినపడని రోజుల్లోనూ అదే ఊ. తేడా ఆవిడకి మాత్రం ఎలా తెలుస్తుంది?

ఎందుకు దాచావంటావా? అదే దయ్యమ్మా అడిగింది. ఆవిడకి నేను పెట్టిన పేరు అది, కోప్పడలేదు. "చెవి మీద బతికినవాణ్ణమ్మా నేను" అన్నాను. నీకు గుర్తుందా, చిన్నప్పుడు షాపులో బల్ల కింద కూర్చుని, దారం చుట్టే బాబిన్లతో ఆడుకునేదానివి, నీ ముద్దుపేరు అలా వచ్చిందే. ఎవరైనా మిషన్ తెస్తే నేను విప్పేవాణ్ణి కాదు, ముందు నాలుగుసార్లు చక్రం తిప్పి వినేవాణ్ణి. షటిల్ జబ్బా, పళ్ల చక్రం జబ్బా, చప్పుడే చెప్పేది. ఊళ్లో దర్జీలంతా నా చెవిని నమ్మి మిషన్లు తెచ్చారు. అది పోయిందని తెలిస్తే ఎవరొస్తారు? మీ అమ్మ కంగారుపడి షాపు మూసేయమంటుంది. మూసేసి పొద్దున్నే లేచి నేనేం చేయాలి?

ఆవిడ అంతా విని, ఒకే ఒక్క ముక్క రాసి నా ముందు పెట్టింది. "నిన్న మా మిషన్ని చెవితో బాగుచేశారా?"

నిజమే. అరచెయ్యి వేసి చూశాను. రెండేళ్లుగా అలాగే చూస్తున్నాను. బల్ల మీద చెయ్యి పెడితే ఎక్కడ అదురు తేడాగా ఉందో వేళ్లకి తెలుస్తుంది. చెవి ఎప్పుడు ఆగిపోయిందో, చెయ్యి ఎప్పుడు అందుకుందో నేను గమనించనే లేదు. వినపడదన్న దిగుల్లో ఉండిపోయి, పని ఆగలేదన్న సంగతే చూసుకోలేదు.

అప్పుడు నీ ఉత్తరం సంగతి చెప్పాను. తల్లీ, ఇదీ అసలు సంగతి. నువ్వు సొరుగులో ఉన్న ఉత్తరానికి జవాబు అడుగుతున్నావు. నాకు ప్రశ్నే తెలియదు. ఆ రోజు మీ అమ్మ ఫోన్ నా చేతికిచ్చి పెరట్లోకి వెళ్లిపోయింది, ఆవిడ వచ్చేదాకా ఆ పది నిమిషాలూ నువ్వేం చెప్పావో ఒక్క ముక్క నా చెవిన పడలేదు. ఉత్తరంలో "అంత పెద్ద సంగతి" అని రాశావే గాని ఏ సంగతో రాయలేదు. రాయవు మరి, చెప్పేశానని అనుకున్నావు కదా. ఉద్యోగం మారుతున్నావా? ఇంకా దూరం వెళ్తున్నావా? ఎవరినైనా ఇష్టపడ్డావా? ఒంట్లో ఏమైనా బాగోలేదా? ఈ చివరిది తోచినప్పుడు మాత్రం నిద్ర పట్టలేదు. మీ అమ్మని అడుగుదామంటే ఆవిడకి చెప్పలేదన్నావు. నిన్ను అడుగుదామంటే, ఇంత పెద్ద సంగతి వినలేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

"ఏదైతే ఏముందిలే. నా కూతురు తెలివైనది. నీ ఇష్టమే నా ఇష్టం, సరే అని రాసేస్తాను" అన్నాను దయ్యమ్మతో.

ఆవిడ నా చేతిలోంచి నోటుపుస్తకం లాక్కుంది. పేజీ నిండా పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. "వినకుండా సరే అనకండి. ఇంతదాకా తెచ్చింది అదే కదా."

దాని కింద చిన్నగా ఇంకో రెండు లైన్లు. "మా అమ్మాయికి పదకొండేళ్లు. పని నుంచి వెళ్లాక నేను మాట్లాడను. తన మీద కోపమనుకుని ఏడాది పాటు నా దగ్గరికి రావడం మానేసింది. ఒకరోజు ఈ పుస్తకం దాని చేతిలో పెట్టాను. ఇప్పుడు రోజూ ఒక పుస్తకం అవగొడుతోంది."

ఆ కాగితం చింపి ఇమ్మన్నాను. ఇచ్చింది. అది పంపడం లేదు, నా దగ్గరే ఉంచుకుంటాను. మిషన్‌కి నూనె వేసి, బిళ్ల తీసి ఆవిడకే ఇచ్చేశాను. తీసుకోనంది. రోజుకి మూడు వందల సార్లు అరుస్తూ గొంతు కాపాడుకునే మనిషే వీరురాలు గాని నేనేంటమ్మా అంటే తీసుకుంది.

తిరుగు ప్రయాణంలో బస్సులో మీ అమ్మకి చెప్పేశాను. మీ మామయ్య ముందు సీట్లో నిద్రపోతున్నాడు. మీ అమ్మ నావైపు తిరిగింది.

"అయితే రెండేళ్లుగా నేను వంటింట్లోంచి చెప్పినవన్నీ?"

"వినలేదు."

"మా తమ్ముడికి ఆ టేకు మంచం ఇచ్చేద్దామంటే ఊ అన్నారు!"

"అందుకా మంచం కనిపించడం లేదు?"

పకపకా నవ్వింది. బస్సులో అందరూ తిరిగి చూశారు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. "ఒక్క మాట చెబితే నేను గట్టిగా మాట్లాడేదాన్ని కాదా? ఎదురుగా వచ్చి మాట్లాడేదాన్ని కాదా? నన్ను అంత పరాయిదాన్ని చేశారా?" అని నా భుజం మీద గట్టిగా ఒకటి వేసింది. తర్వాత లేచి, నా కుడిపక్క నుంచి ఎడమపక్కకి వచ్చి కూర్చుంది. అప్పట్నుంచీ ఇంట్లోనూ ఎడమపక్కనే కూర్చుంటోంది.

మొన్న ఇంటికొచ్చాక ఇంకో పని చేసింది. కాగితం తీసుకుని, ఈ రెండేళ్లలో నేను ఊ అన్నవన్నీ గుర్తు తెచ్చుకుని రాసింది. నా ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటీ మళ్లీ అడిగింది. పద్నాలుగు ఉన్నాయి. ఏడింటికి సరే అన్నాను, ఆరింటికి వద్దన్నాను, ఒకదానికి పోట్లాడుకున్నాం. మంచం సంగతి కాదు, అది పోతే పోయింది. గోడలకి ఆకుపచ్చ రంగు వేయిస్తుందట! చాలా రోజుల తర్వాత మీ అమ్మతో మాట్లాడినట్టనిపించింది.

వచ్చే బుధవారం చెవి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. ఎడమ చెవికి చిన్న మిషన్ పెడితే పనికొస్తుందంటున్నారు. మిషన్లంటే నాకేం కొత్తా, పెట్టించుకుంటాను. పాడైతే నేనే బాగుచేసుకుంటానని మీ అమ్మతో అంటే, ముందు డాక్టరుని చెయ్యి పెట్టనివ్వండి అంది. దానితో ఫోన్‌లో వినపడుతుందో లేదో తెలియదు. వినపడితే మొదటి ఫోన్ నీకే. షాపు మూయడం లేదు. చెవి సంగతి దర్జీలకి నేనే చెప్పేశాను. పక్కవీధి లేడీస్ టైలర్ విని, "ఇకనుంచి మేం చెప్పింది సగమే విన్నానని బిల్లు మాత్రం పూర్తిగా వేయకండి" అంది. అంతే, మిషన్ బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఇప్పుడు నీ నాలుగో ప్రశ్న. నా మనసులో మాట చెప్పమన్నావు. ఏం చెప్పినా ఒప్పేసుకుందామన్న ఆశ నాకు ఇంకా ఉంది, కానీ దయ్యమ్మ కాగితం ఎదురుగా పెట్టుకుని రాస్తున్నాను. కాబట్టి ఊ అనను. సరే అనను. అమ్మకివ్వను. నువ్వు చెప్పేది నాకు నచ్చకపోతే నచ్చలేదని కూడా చెబుతాను, పోట్లాడదాం. ఒకవేళ అది అబ్బాయి సంగతే అయితే, అతన్ని తప్పకుండా తీసుకురా. నా ఎడమపక్కన, ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. పెదాలు కప్పేసే మీసం ఉంటే కాస్త కత్తిరించుకుని రమ్మను. ఇంకే షరతూ లేదు. ఒంట్లో బాగోలేదన్న సంగతైతే ఉత్తరం రాయకు, టెలిగ్రాంలా ఒక్క ముక్క అమ్మకి చెప్పు, ఆ రోజే బయల్దేరతాం.

పదిహేనో తేదీ అని గడువు పెట్టావు. దాన్ని ఒక్క ఉత్తరం పాటు పొడిగించు. ఆ రోజు ఫోన్‌లో ఎలా మొదలుపెట్టావో అక్కడ్నుంచి రాయి. నాన్నా అని పిలిచావా, ముందు నవ్వావా, మధ్యలో ఎక్కడైనా ఆగావా, అవీ రాయి. నాన్నకి చెప్పేశాను కదా అని కుదించకు. పది నిమిషాలు చెప్పానన్నావు కదా, నాకు ఆ పది నిమిషాలూ కావాలి. ఈసారి వింటాను.

ఇట్లు,
ఊకొట్టడం మానేసిన
మీ నాన్న